మరియా లూజ్ ఓడ – బానిసత్వముపై నానాదేశ న్యాయము

మనుష్యుని మనుష్యుడు కొనుట, అమ్ముట లోకములో అతి ప్రాచీనమైన వ్యవహారము. దానిని నేరమని దేశములన్నియు అంగీకరించుట మాత్రము ఇటీవలి సంగతి. సర్వజాతులకు చెల్లెడి న్యాయమొకటి కలదన్న భావము మొట్టమొదట బానిసత్వమునకు శత్రువుగా పుట్టలేదు. దానికి ఆధారముగానే పుట్టినది. 533వ సంవత్సరమున రోమక చక్రవర్తి జస్టీనియన్ వెలువరింపజేసిన న్యాయగ్రంథములో, బానిసత్వము ప్రకృతికి విరుద్ధమని ఒప్పుకొనుచునే, అది సర్వజాతుల న్యాయమునకు సమ్మతమైనదని వ్రాయబడినది. యుద్ధమున చిక్కినవానిని చంపక విడిచినచో వాని బ్రతుకు గెలిచినవాని సొత్తగునని నాటివారి వాదము. ఈ వాదము తలక్రిందులగుటకు సుమారు పదునాలుగు శతాబ్దములు పట్టెను. ఆ మార్పు నడచిన త్రోవను తెలిసికొనుటకు 1872లో జపాను రేవునకు కొట్టుకొనివచ్చిన ఒక ఓడ కథ మనకు చక్కగా తోడ్పడును. కాని ఆ ఓడను చేరుటకు ముందు, అంతకు పూర్వము న్యాయము ఎంతవరకు వచ్చి ఆగియుండెనో చూడవలెను.

ఆఫ్రికా తీరమునుండి అమెరికా ఖండములకు దాదాపు నాలుగు శతాబ్దముల కాలములో ఓడల కెక్కింపబడిన బానిసలు సుమారు 1 కోటి 25 లక్షలమంది అనియు, వారిలో ప్రాణములతో ఆవలి రేవు చేరినవారు సుమారు 1 కోటి 7 లక్షలమంది అనియు చరిత్రకారుల లెక్క. ఈ వర్తకమును 1807లో బ్రిటను తన ప్రజలకు నిషేధించెను. 1815 ఫిబ్రవరి 8వ తేదీన వియన్నా మహాసభయందు ఎనిమిది రాజ్యములు కలిసి, బానిస వర్తకము మానవధర్మమునకును సార్వజనీన నీతికిని విరుద్ధమని ప్రకటించెను. రాజ్యములు కూడి ఇట్లు ప్రకటించుట గొప్ప విషయమే. కాని ఎప్పటిలోగా దానిని మానవలెనో అందులో చెప్పలేదు. మాననివానికి శిక్ష ఏమో చెప్పలేదు.

ఆ లోపము రెండేండ్లలోనే బయటపడెను. 'ల లూయీ' అను ఫ్రెంచి ఓడను ఆఫ్రికా తీరమున ఒక బ్రిటిషు నౌక పట్టుకొనెను. 1817లో ఆ వ్యాజ్యము లండనులోని నౌకాన్యాయస్థానమునకు వచ్చినప్పుడు, న్యాయమూర్తి సర్ విలియం స్కాట్ ఓడను దాని యజమానులకే తిరిగి ఇప్పించెను. బానిస వర్తకము హేయమే కావచ్చును; కాని అది ఓడదొంగతనమువలె సర్వదేశ న్యాయముచేత నేరముగా నెంచబడలేదు; కనుక శాంతికాలమున అన్యదేశపు ఓడను ఆపి సోదాచేయు హక్కు ఎవరికిని లేదని ఆయన తీర్పు. సముద్రము అందరిది, ఏ ఓడపై ఏ జెండా ఎగురునో ఆ దేశపు శాసనమే దానిపై చెల్లును. ఈ సూత్రము చిన్న దేశములను పెద్ద దేశములనుండి కాపాడుటకు ఏర్పడినది. అదియే ఇచ్చట బానిస వర్తకులకు కవచమయ్యెను.

ఆ కవచమును ఛేదించుటకు బ్రిటను ఒక్కొక్క రాజ్యముతో విడివిడిగా సంధులు చేసికొనెను. పరస్పరము ఓడలను సోదాచేయుటకు అంగీకరించిన రాజ్యములు ఉమ్మడి న్యాయస్థానములను స్థాపించెను. సియెరా లియోనులోని ఫ్రీటౌను, క్యూబాలోని హవానా, బ్రెజిలులోని రియో డి జనేరో పట్టణములలో ఇట్టి న్యాయస్థానములు వెలసెను. వేర్వేరు దేశముల న్యాయమూర్తులు ఒక్క పీఠముపై కూర్చుండి, పట్టుబడిన ఓడలను విచారించి, అందలి మనుష్యులను విడిపించిరి. 1833నాటి శాసనముచేత బ్రిటిషు వలసరాజ్యములలో బానిసత్వమే రద్దయ్యెను. శిక్షణ యను పేర మిగిలిన బంధము కూడ 1838లో ముగిసెను. మన దేశమున 1843లో చేయబడిన 5వ చట్టము బానిసపై యజమానుని హక్కును న్యాయస్థానములు గుర్తింపరాదని శాసించెను.

ఇంతటితో కథ సుఖాంతమైనట్లు తోచును. కాని చెరకు తోటలు అట్లే యున్నవి. గనులు అట్లే యున్నవి. వానికి కావలసిన చేతులు మాత్రము లేకపోయెను. ఆ చేతులకొరకు ఒక క్రొత్త పద్ధతి పుట్టెను. అందులో మనుష్యుని కొనరు. వానిచేత ఒక కాగితముపై వ్రేలిముద్ర వేయింతురు. ఇన్ని సంవత్సరములు, ఇంత జీతము, ఇంత తిండి అని అందులో వ్రాసియుండును. ఆ గడువు తీరువరకు వాడు పని మానరాదు, మానినచో జైలు. దీనినే ఒప్పంద కూలిపద్ధతి యనిరి.

ఈ పద్ధతి తెలుగువారికి పరాయిది కాదు. 1834నుండి మారిషసు ద్వీపమునకును, 1860నుండి దక్షిణాఫ్రికాలోని నెటాలుకును, తరువాత ఫిజీకిని పోయిన కూలీలలో తెలుగు జిల్లాలవారు కలరు. నెటాలునకు కూలీలను మొదట తీసికొనిపోయిన 'ట్రూరో' యను ఓడ మద్రాసునుండియే బయలుదేరి, 1860 నవంబరు 16వ తేదీన డర్బను చేరెను. గోదావరి ముఖమునందలి కోరంగి రేవునుండి బర్మాకు పోయిన పనివారిని అచ్చటివారు 'కోరంగీలు' అనియే పిలిచెడివారు. ప్రపంచమంతట వ్యాపించిన 'కూలీ' యను మాటయే మన దక్షిణదేశ భాషలలోని 'కూలి' నుండి పుట్టినదని కొందరి అభిప్రాయము. శ్రమకు ప్రతిఫలమని అర్థమిచ్చు మాట, పరదేశములందు శ్రమించువానికి తిరస్కార నామమై స్థిరపడినది.

చైనాలో ఈ వ్యాపారము ఇంకను ఘోరముగా సాగెను. 1847నుండి క్యూబాకును, 1849నుండి పెరూ దేశమునకును చైనా కూలీలను పంపనారంభించిరి. పెరూలో బానిసత్వము 1854లో రద్దయిన పిమ్మట కూలీల గిరాకి మిక్కిలి హెచ్చెను. 1874వరకు ఆ దేశమునకు చేరినవారు లక్షకు సమీపము. చెరకు, ప్రత్తి తోటలలోను, పక్షిరెట్టల ఎరువును త్రవ్వు చించా దీవులలోను వారు ఎనిమిదేండ్లు పని చేయవలెను. పోర్చుగీసు పాలనలోనున్న మకావు ఈ ఎగుమతికి ముఖ్యమైన రేవు. అచ్చట కూలీలను కొట్టములలో నిలువచేసి, మోసముచేతనో, జూదపు అప్పుచేతనో, బలాత్కారముచేతనో ఒప్పందముల కొప్పించి ఓడల కెక్కించెడివారు. పోర్చుగీసు అధికారి యొకడు కాగితము చదివి వినిపించి ముద్ర వేయును. ముద్ర పడినచో శాసనము దృష్టిలో వాడు స్వేచ్ఛాజీవి; తన యిష్టముతో ప్రయాణము చేయుచున్నవాడు.

1872 మే నెలలో ఇట్లు ముద్రపడిన సుమారు 230 మంది చైనీయులతో పెరూదేశపు ఓడ 'మరియా లూజ్' మకావు విడిచెను. దాని నాయకుడు రికార్డో హెరేరా. పెరూలోని కయావో రేవునకు దాని ప్రయాణము. త్రోవలో తుపాను తగిలి ఓడ దెబ్బతినుటచే, మరమ్మతుకై జులై నెలలో జపానులోని యొకొహామా రేవున లంగరు వేసెను. కొలదిదినములకు ఒక కూలీ రాత్రివేళ సముద్రములోనికి దూకి, అచ్చట నిలిచియున్న 'ఐరన్ డ్యూక్' అను బ్రిటిషు యుద్ధనౌక వరకు ఈదుకొనిపోయెను. బ్రిటిషువారు అతనిని జపాను అధికారుల కప్పగించిరి. అతనిని దండింపనని నాయకుడు మాట యిచ్చుటచే జపానువారు మరల ఓడకే పంపిరి. నాయకుడు మాట తప్పెను. పారిపోవ యత్నించినవారి జడలు కోయించి, వారిని నిర్బంధించెను. చైనీయునికి నాడు జడ కోసివేయుట దేహదండనకంటె ఎక్కువైన అవమానము. తరువాత మరియొకడు సముద్రములోనికి దూకెను.

బ్రిటిషు రాయబార కార్యభారము నిర్వహించుచున్న వాట్సన్ ఈ సంగతిని విచారించి జపాను విదేశాంగమంత్రి సోయెజిమా తనెయోమికి తెలియజేసెను. జపాను ప్రభుత్వములో తర్జనభర్జనలు జరిగెను. మెయిజీ చక్రవర్తి పాలన ఆరంభమై అప్పటికి నాలుగేండ్లు మాత్రమే. పాశ్చాత్య రాజ్యములతో చేసికొన్న అసమాన సంధులవలన తమ గడ్డపై నేరము చేసిన ఆ దేశస్థులను సైతము తాము విచారింపలేని దుస్థితిలో జపాను ఉండెను. కలుగజేసికొనిన చిక్కులు వచ్చునని న్యాయమంత్రి ఎతో షింపెయి, కనగవా మండలాధిపతి ముత్సు మునెమిత్సు వ్యతిరేకించిరి. పెరూతో జపానుకు అప్పటికి సంధియే లేదు. ఈ కారణము చూపియే కొందరు ఊరకుండుమనిరి. సోయెజిమా దానినే తిప్పి చూచెను: సంధి లేదు కనుకనే పెరూవారికి ప్రత్యేక హక్కులును లేవు, మన రేవులో మన శాసనమే చెల్లును. ఆయన విచారణభారమును ఓయె తకు అను యువకుడైన అధికారి కప్పగించెను.

ఓయె తకు కూలీలను తీరమునకు రప్పించి సాక్ష్యములు తీసికొనెను. యొకొహామాలోని పెక్కు దేశముల వాణిజ్య ప్రతినిధులు ఈ విచారణ చెల్లదని అభ్యంతరము చెప్పిరి. ఆగష్టు చివర తీర్పు వెలువడెను. నాయకుడు శిక్షార్హుడే యైనను అతనిని క్షమించి, ఓడతో వెడలిపోవుటకు అనుమతించిరి. కూలీలను మాత్రము ఇష్టము లేనిదే ఓడ ఎక్కింపరాదనిరి. హెరేరా అంతటితో ఊరకుండక, ఒప్పందము ప్రకారము కూలీలు ఓడకు తిరిగి రావలెనని తానే వ్యాజ్యము వేసెను. అతని పక్షమున డికిన్స్ అను ఆంగ్ల న్యాయవాది వాదించెను. ఇచ్చటనే అసలు ప్రశ్న న్యాయస్థానము నెదుట నిలిచెను: సంతకము చేసినవానిని బానిస యనవచ్చునా?

డికిన్స్ వాదము పదునైనది. మనుష్యుని శ్రమను సంవత్సరముల తరబడి కట్టివేయు ఒప్పందము చెల్లదని జపాను చెప్పునెడల, జపానులోనే వేశ్యాగృహములకు ఆడపిల్లలను అప్పు పత్రములపై అప్పగించు ఆచారము మాటేమి? ప్రభుత్వము వానిని గుర్తించుట లేదా? అని అట్టి ఒప్పంద పత్రములనే న్యాయస్థానమున చూపెను. ఓయె తకు ఆ వాదమునకు లొంగలేదు. ఎవరినైనను వారి స్వేచ్ఛకు విరుద్ధముగా జపాను పరిధి దాటించి కొనిపోవుట జపాను ధర్మమునకు సమ్మతము కాదనియు, ఇట్టి ఒప్పందమును ఈ న్యాయస్థానము అమలు జరుపదనియు తీర్పు చెప్పెను. నాయకుడు ఓడను అచ్చటనే విడిచి వెడలిపోయెను. చైనా ప్రభుత్వము పంపిన అధికారితో కూలీలు స్వదేశము చేరిరి. యొకొహామాలోని చైనీయులు ఓయె తకునకు కృతజ్ఞతాసూచకముగా పతాకములు సమర్పించిరి.

అయినను డికిన్స్ వేసిన బాణము గురి తప్పలేదు. పరదేశీయుల బానిసత్వమును ఖండించి స్వదేశీయుల బానిసత్వమును పోషించుట జపాను ప్రభుత్వమునకు సిగ్గుచేటయ్యెను. ఆ సంవత్సరాంతముననే వేశ్యల, గెయిషాల విమోచన శాసనము వెలువడెను. ఆ స్త్రీలను పశువులతో సమానముగా చూచుచున్నారు గదా, పశువునుండి అప్పు తీర్చుమని ఎవరడుగుదురు అని తర్కించి, వారి అప్పులను వసూలుచేయరాదని న్యాయశాఖ ఆదేశించెను. ఉద్దేశము మంచిదే; ఉపమానము మాత్రము కఠినము. మరుసటి యేటికే వేశ్యాగృహములు అద్దెగదులను పేర మరల తెరువబడెను. అప్పు మిగిలెను, అప్పుతో బంధమును మిగిలెను. శాసనము ఒక పేరును రద్దుచేసిన, దురాచారము మరియొక పేరు పెట్టుకొని వచ్చునన్న సత్యము ఇచ్చట స్పష్టముగా కనబడుచున్నది.

పెరూ ప్రభుత్వము నష్టపరిహారము కోరెను. 1873లో ఆ దేశపు రాయబారి గార్సియా జపానుకు వచ్చెను. ఉభయులు యుద్ధమునకు పోక, రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండరును మధ్యవర్తిగా అంగీకరించిరి. తన దేశములో 1861లో కోట్లకొలది అర్ధబానిస రైతులను విముక్తులను గావించిన చక్రవర్తి ఆయన. 1875 మే నెలలో ఆయన తీర్పు వచ్చెను. జపాను తన శాసనములను, ఆచారములను అనుసరించి, సద్బుద్ధితో వర్తించెననియు, సర్వదేశ న్యాయసూత్రములను గాని ప్రత్యేక సంధులను గాని అతిక్రమింపలేదనియు, కనుక పరిహార మీయ నవసరము లేదనియు దాని సారాంశము. ఆసియా ఖండపు రాజ్యమొకటి పాశ్చాత్య న్యాయపరిభాషతోనే వాదించి నెగ్గిన ఘట్టమిది. ఈలోగా పోర్చుగలు మకావునుండి కూలీల ఎగుమతిని నిషేధించెను. 1874లో అది ఆగిపోయెను. అదే సంవత్సరమున చైనా ప్రభుత్వము క్యూబాకు ఒక విచారణసంఘమును పంపి, అచ్చటి కూలీలనుండి 1,176 వాఙ్మూలములు సేకరించెను. అందు అత్యధికులు తాము మోసపోయి గాని బలాత్కారముచేత గాని వచ్చితిమనియే చెప్పిరి.

ఐనను ఒక విషయము గమనింపదగియున్నది. జపాను తనకు తోచిన న్యాయము చేయుటకు హక్కు కలిగియున్నదని మాత్రమే చక్రవర్తి చెప్పెను. అట్టి ఒప్పందములు ఎచ్చటను చెల్లవని చెప్పలేదు. అదే కాలమున మన దేశపు రేవులనుండి ఒప్పంద కూలీల ఓడలు నిరాటంకముగా బయలుదేరుచునేయుండెను. 1912లో గోపాలకృష్ణ గోఖలే ఈ పద్ధతిని పూర్తిగా రద్దుచేయవలెనని కేంద్ర శాసనసభలో ప్రతిపాదించినప్పుడు తీర్మానము ఓడిపోయెను. గాంధీ మహాత్ముడు దక్షిణాఫ్రికాలో సాగించిన పోరాటము, స్వదేశములో రేగిన ఆందోళన ఫలముగా 1917లో కూలీల సేకరణ ఆగెను. ఫిజీలో మిగిలియున్న ఒప్పందములు 1920 జనవరి 1వ తేదీతో రద్దయ్యెను.

మొదటి ప్రపంచయుద్ధానంతరము వెలసిన నానాజాతి సమితి ఈ పనిని చేతికి తీసికొనెను. 1926 సెప్టెంబరు 25వ తేదీన జెనీవాలో బానిసత్వపు ఒడంబడిక సిద్ధమయ్యెను. ఒక మనుష్యునిపై యాజమాన్యపు హక్కులు అన్నియు గాని, వానిలో ఏ కొన్ని గాని చెలాయింపబడుచున్న స్థితియే బానిసత్వమని అందు నిర్వచింపబడినది. క్రయపత్రము ఉన్నదా లేదా యను ప్రశ్న దీనితో వెనుకకు పోయెను. 1930లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 29వ ఒడంబడిక మరియొక అడుగు ముందుకు వేసెను. ఏదేని దండన జరుగునన్న భయముతో, స్వచ్ఛందముగా పూనుకొనని మనుష్యునిచేత చేయించుకొను పని యెల్ల నిర్బంధ శ్రమ యని అది నిర్వచించెను. సైనికసేవ, న్యాయస్థానము విధించిన శిక్షలోని శ్రమ, వరదలు కరువులవంటి ఆపదలలో చేయు పని మొదలగు కొన్నింటిని మినహాయించెను. ఆనాడు ప్రధానముగా లక్ష్యము వలసపాలకులే. రోడ్లకు, తోటలకు, బరువులు మోయుటకు ప్రజలను బలవంతముగా పట్టుకొనిపోవుచున్నది వారే గదా!

రెండవ ప్రపంచయుద్ధములోని నిర్బంధ శ్రమ శిబిరములు చూచిన పిమ్మట న్యాయము ఇంకను కఠినమయ్యెను. 1948నాటి మానవహక్కుల ప్రకటన 4వ అధికరణము ఎవరిని బానిసత్వమున ఉంచరాదని చాటెను. 1956నాటి అనుబంధ ఒడంబడిక, అప్పునకు బదులుగా మనుష్యుని శ్రమను కట్టివేయుట, రైతును భూమికి కట్టివేయుట, స్త్రీని ధనమునకు వివాహములో ఇచ్చివేయుట, దోపిడికై బిడ్డలను పరుల కప్పగించుట అను నాలుగింటిని పేర్కొని నిషేధించెను. 1872లో డికిన్స్ చూపిన అప్పు పత్రములకు అంతర్జాతీయ న్యాయము సమాధానము చెప్పుటకు ఇట్లు 84 సంవత్సరములు పట్టినది. 1957లో 105వ కార్మిక ఒడంబడిక రాజకీయాభిప్రాయములకు గాని, సమ్మె చేసినందులకు గాని శిక్షగా పని చేయించుటను నిషేధించెను. 1970లో అంతర్జాతీయ న్యాయస్థానము, బానిసత్వమునుండి రక్షణ ప్రతి రాజ్యమును లోకమంతటికి బాకీపడియున్న ధర్మమని పేర్కొనెను. ల లూయీ తీర్పునకు ఇది పూర్తిగా విపర్యయము.

ఇక మన దేశము. రాజ్యాంగము 23వ అధికరణము వెట్టిని, ఇతర నిర్బంధ శ్రమను నిషేధించెను. 29వ ఒడంబడికను భారతదేశము 1954లో ఆమోదించెను. అయినను అప్పు పేర తరతరముల దాస్యము గ్రామములలో నిలిచియుండుటచే 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము చేయవలసివచ్చెను. ఆయా ప్రాంతములలో ఈ దాస్యమునకు గల పేర్లను ఆ చట్టము వరుసగా పేర్కొనుచున్నది. ఆ పట్టికలో మనకు తెలిసిన భగేలా, జీతా, పాలేరు, వెట్టి అను మాటలు కలవు. తెలంగాణములో 1940ల నాటి రైతాంగ పోరాటమునకు ముఖ్యకారణములలో వెట్టి యొకటి. ఆ మాటల వెనుక ఎన్ని కుటుంబముల బ్రతుకులు గడచిపోయినవో తెలుగు శ్రోతలకు వేరుగ చెప్పనక్కరలేదు.

1982లో సర్వోన్నత న్యాయస్థానము ఒక చరిత్రాత్మకమైన తీర్పు నిచ్చెను. ఢిల్లీలో ఆసియా క్రీడలకై కట్టడములు కట్టుచున్న కూలీలకు ఇవ్వవలసిన కనీసవేతనమునుండి జమాదారులు దినమునకు 1 రూపాయి చొప్పున మినహాయించుకొనుచుండిరి. కూలీలను ఎవరును కొట్టలేదు, బంధింపలేదు, వారు తమంతట తామే పనికి వచ్చిరి. అయినను ఇది నిర్బంధ శ్రమయే యని న్యాయమూర్తి భగవతి తీర్పు చెప్పెను. కనీసవేతనముకంటె తక్కువకు మనుష్యుడు పనికి ఒప్పుకొనుచున్నాడనిన, అతనిని ఆకలియే నిర్బంధించుచున్నదని ఆయన వివరణ.

మకావులో కాగితముపై ముద్ర వేసిన అధికారి అడిగినది ఒక్కటే: ఇతడు ఒప్పుకొనెనా? నేటి న్యాయము అంతటితో తృప్తిపడదు. ఏ పరిస్థితిలో ఒప్పుకొనెను, ఒప్పుకొనక పోవుటకు వానికి వీలుండెనా, ఇప్పుడు వెడలిపోదలచిన వెడలిపోగలడా అని అడుగును. ఈ ప్రశ్నలు అడుగుట నేర్చుకొనుటయే రెండు శతాబ్దములలో అంతర్జాతీయ న్యాయము సాధించిన అభివృద్ధి. కాని అడుగువారు లేనిచోట్లు ఇంకను పెక్కు కలవు. 2021 సంవత్సరమునకు అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదలగువారు వేసిన అంచనాలో, ప్రపంచమున నిర్బంధ శ్రమలోనున్నవారు 2 కోట్ల 76 లక్షలమంది. ఇటుకబట్టీలోనో, చేపల పడవలోనో, పరదేశపు ఇంటి వంటగదిలోనో వారు పనిచేయుచున్నారు. ప్రయాణపత్రమును యజమాని దాచుకొనుట, ముందుగా ఇచ్చిన అప్పు ఎప్పటికిని తీరకుండుట నేటి సంకెళ్లు. యొకొహామా రేవులో దూకినవానికి ఈదుకొనిపోవుటకు దీపము వెలుగుచున్న ఒక నౌక, మాట వినుటకు ఒక న్యాయస్థానము దొరికెను. అట్టి నౌక, అట్టి న్యాయస్థానము ప్రతి రేవునను ఉండునట్లు చూచుట ఒడంబడికలపై సంతకము చేసిన ప్రతి రాజ్యము యొక్క బాధ్యత. ఉన్నవో లేవో విచారించి అడుగుట ఆ రాజ్యముల ప్రజల బాధ్యత.